నీళ్ళకాగు పక్కన ఒక్క గీత సిగ్నల్

గజానన హెగ్డే ఫోను రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకే చచ్చిపోతోందన్న సంగతి ముందుగా కనిపెట్టింది పక్కింటి నాగవేణక్క. ఆ మాట ఆమె పాల డైరీ దగ్గర శారదతో అందట. శారద మా అత్తయ్యతో అంది. మా అత్తయ్య తన వంతుగా మరికొంచెం ఉప్పూకారం తగిలించి నాకు చెప్పింది.

"పొద్దున ఆరింటికి నిండుగా ఉన్న ఛార్జి పన్నెండింటికల్లా ఖాళీ అయిందంటే ఎక్కడికి పోయినట్టు? చెంబుకి చిల్లు పడిందా? ఎవత్తెతోనో మాట్లాడుతున్నాడు, ఇంకేముంది" అని నాగవేణక్క తేల్చేసిందట.

మా బాళేసరలో ఇలాంటి మాటకి గిరాకీ ఎక్కువ. పద్దెనిమిది ఇళ్ళ ఊరు. ముప్ఫై దాటినా పెళ్ళికాని మగపిల్లలు పదకొండు మంది. అందరికీ వక్కతోటలున్నాయి, మిరియాల తీగలున్నాయి, పెంకుటిళ్ళున్నాయి. అందరి జాతకాలూ సిర్సీ నుంచి ధార్వాడ దాకా తిరిగి, మడతల దగ్గర చిరిగి, వెనక్కి వచ్చాయి. అబ్బాయి ఊళ్ళోనే ఉంటాడా అని అడుగుతారు ఆడపిల్ల వాళ్ళు. అవునంటే ఇంక రెండో ప్రశ్న అడగరు. అలాంటి చోట ఒక మగపిల్లాడి ఫోనులో ఛార్జి దేనికి ఖర్చవుతోందో ఊరందరికీ కావాలి.

నిజానికి గజాననకి మాట్లాడడానికి ఎవరూ లేరు. వయసు ముప్ఫై ఒకటి. ఏనుగు ముఖం దేవుడి పేరు పెట్టారు గాని మనిషి వక్క చెట్టులా నిటారుగా, సన్నగా ఉంటాడు. తండ్రి పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో తల్లి భాగీరథి, కొట్టంలో నాలుగు ఆవులు.

తల్లి ఆ సాయంత్రమే అడిగింది. "ఎవర్రా ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"నీ ఛార్జి తాగేస్తున్న పిల్ల."

"పిల్లా లేదు, ఏమీ లేదు. బ్యాటరీ పోయింది ఆయీ."

"అయ్యో" అంది ఆమె. ఊరు అనుకున్నది అబద్ధమని తెలిసి ఆమె నిజంగానే దిగులుపడింది.

ఫోను మధ్యాహ్నానికే చావడానికి ఊరి తప్పు కూడా కొంత ఉంది. తూర్పున కొండ, పడమట అడవి. టవరు కొండకి అవతల. జేబులో ఉన్న ఫోను పొద్దస్తమానం సిగ్నల్ కోసం వెతుక్కుంటూనే ఉంటుంది, పెయ్య కోసం ఆవు వెతుక్కున్నట్టు. ఊరి మొత్తానికి సిగ్నల్ దొరికే చోటు ఒకటే. అది గజానన ఇంటి వెనక స్నానాల గది. అక్కడ పెద్ద రాగి కాగుకీ కిటికీకీ మధ్య గోడలో ఒక గూడు ఉంది. ఆ గూట్లో ఫోను నిలబెడితే ఒక్క గీత వస్తుంది. అరడుగు ఇటు జరిపితే అదీ పోతుంది.

వానాకాలం నాలుగు నెలలూ ఆ కాగు కింద నిప్పు ఆరదు. తోటలో తడిసి వచ్చిన వాళ్ళకి వేడినీళ్ళు కావాలి, తడిబట్టలకి సెగ కావాలి, పైన అటక మీద చేటల్లో పనస అప్పడాలు మెత్తబడకుండా ఉండాలి. ఊళ్ళో ఎవరికి ముఖ్యమైన ఫోను వచ్చేదున్నా ఆ గదిలోకే వచ్చి, కళ్ళు నులుముకుంటూ మాట్లాడి, వెళ్ళేటప్పుడు పొయ్యిలోకి ఒక కొబ్బరిమట్ట తోసి పోతారు. అది మర్యాద.



సిర్సీలో పాత బస్టాండు ఎదురుగా, మెట్ల కింద ఒక మొబైల్ రిపేరు షాపు ఉంది. రెండేళ్ళుగా దాన్ని శాల్మల నడుపుతోంది. పెళ్ళిళ్ళకీ ఒడుగులకీ వంట చేసే అనంత భట్టు కూతురు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. కంటికి భూతద్దం పెట్టుకుని పని చేస్తూ, వచ్చినవాడి ముఖం చూడకుండానే ప్రశ్నలు వేస్తుంది.

"ఎన్నాళ్ళ ఫోను?"

"రెండున్నరేళ్ళు" అన్నాడు గజానన.

"రాత్రంతా ఛార్జింగులో పెట్టి పడుకుంటారా?"

"అవును."

"దిండు కింద?"

గజానన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తమ ఊరి వాళ్ళెవరైనా నిలబడి ఉన్నారేమోనని. ఎవరూ లేరు. "మీకెలా తెలుసు?"

"ఛార్జింగు రంధ్రంలో దూది ఉంది." ఒక పుల్లతో దూది లాగి బల్ల మీద పెట్టింది. "తెర వెలుగు ఎప్పుడూ ఇంత పెడతారా? కళ్ళు పోతున్నాయి నాకు."

"మా తోటలో వెలుతురు తక్కువండీ."

"వెలుతురు తక్కువున్న చోట తెర వెలుగు తగ్గించాలి, మారాయా!"

అనేశాక నాలుక కరుచుకుంది. ముఖపరిచయం లేని గిరాకీని చనువుగా మారాయా అనడం మర్యాద కాదు. గజానన పట్టించుకోలేదు. అసలు అతనికి అది బాగుంది.

"వక్క ధర చూసే యాప్‌లు ఏడు ఉన్నాయి. ఏడూ వెనకాల నడుస్తూనే ఉన్నాయి. ఇన్నెందుకు?"

"ఒక్కోటి ఒక్కో ధర చెబుతుంది."

"ఏది నిజం?"

"ఏదీ కాదు."

ఆమె అప్పుడు భూతద్దం తీసి అతని ముఖం చూసింది. నవ్వలేదు గాని, నవ్వు ఆపుకున్నట్టు కనిపించింది.

"ఇంకోటి. ఒక యక్షగానం వీడియో మొన్నటి నుంచి లోపల ఆడుతోంది."

"రాక్షసుడు చచ్చేదాకా చూద్దామని పెట్టాను. మధ్యలో సిగ్నల్ పోయింది."

"రాక్షసుడు చావలేదు, బ్యాటరీ చచ్చింది."

కొత్త బ్యాటరీ తనే వేసింది. వేసి, ఫోను చేతికిచ్చే ముందు చిన్నపిల్లాడికి మందు వాడే విధానం చెప్పినట్టు చెప్పింది. ఛార్జి ఇరవై శాతం కిందకి దిగనివ్వొద్దు. ఎనభై దాటనివ్వొద్దు. పక్కమీదకి తీసుకెళ్ళొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, వేడి తగలనివ్వొద్దు. "ఇది మీ వక్క కాదు, ఎండబెడితే బాగుపడడానికి."

"సందేహం వస్తే?"

"ఇందులో సందేహమేముంది?"

"ఎనభై ఒకటి అయిందనుకోండి."

ఆమె ఒక చీటీ మీద నంబరు రాసి బల్ల మీద తోసింది. "ఎనభై ఒకటైతే చెయ్యకండి. తొంభై అయితే చెయ్యండి."

ఆ సాయంత్రమే తొంభై అయింది.



తర్వాత రెండు నెలల్లో గజాననకి వచ్చిన సందేహాలు ఏ బ్యాటరీ కంపెనీవాడికీ వచ్చి ఉండవు. ఛార్జింగు వైరు తెల్లది మంచిదా నల్లది మంచిదా. పిడుగు పడితే ఫోను ఆపాలా. ఆవు ఫోనుని నాకింది, ఏమైనా అవుతుందా.

"ఆవుకేమైనా అయిందా?" అంది శాల్మల.

"లేదు."

"అయితే ఫోనుకీ ఏం కాదు. ఎందుకలా దగ్గుతున్నారు?"

"జలుబు."

"నెల నుంచీనా?"

"మా ఊరి జలుబులు నెమ్మది."

"నీళ్ళ చప్పుడేమిటి?"

"వాన."

"వానలో చెంబు చప్పుడు కూడా వినిపిస్తోంది, హెగ్డేరే."

భాగీరథి అప్పుడే కాగులోంచి వేడినీళ్ళు ముంచుకుంటోంది. గజానన తల్లికి చేత్తో సైగ చేశాడు. ఆమె చెంబు పక్కన పెట్టి, కొడుకు ముఖాన్ని తీరిగ్గా చూసి, నీళ్ళు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

నచ్చిన అమ్మాయితో స్నానాల గదిలో పీట మీద కూర్చుని, పొగకి కళ్ళనీళ్ళు కారుతుంటే మాట్లాడుతున్నానని ఏ మగవాడు చెప్పుకుంటాడు? అందులోనూ ఆమెది సిర్సీ టౌను. చెబితే ఊరి సంగతి తెలిసిపోతుందని భయం. ఆడపిల్లలకి ఊరి సంగతి తెలిసిన ప్రతిసారీ ఏమైందో పదకొండు ఇళ్ళలో ఎవరిని అడిగినా చెబుతారు.

మధ్యలో నాలుగుసార్లు సిర్సీ వెళ్ళాడు. ఒకసారి తెర మీద అతికించే గాజు కోసం. రెండుసార్లు అది ఊడిందని. అది ఊడడానికి అతను ఎంత కష్టపడ్డాడో శాల్మలకి అంచుల మీద గోటి గీతలు చూస్తే తెలిసింది. కొత్తది అతికించింది.

నాలుగోసారి పని లేకుండానే వెళ్ళాడు. బల్లకి ఇవతల నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, అడిగాడు.

"షాపు పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?"

"తొమ్మిదిన్నరకి."

"మా ఊరి నుంచి ఎనిమిదీ పదికి బస్సుంది. తొమ్మిదీ పదికల్లా ఇక్కడ దింపుతుంది."

శాల్మల తల వంచుకుని ఎవరిదో ఫోనుకి మర బిగిస్తోంది. బిగించిన మరనే విప్పి మళ్ళీ బిగించింది.

"వానాకాలంలో కూడా వస్తుందా?"

"చెట్టు పడకపోతే వస్తుంది."

అంతే మాట్లాడుకున్నారు. అతను తిరుగు బస్సులో ఊరికి వచ్చేశాడు. ఆమె ఆ పూట మరో రెండు ఫోన్లకి మరలు తక్కువ వేసిందని తర్వాత తెలిసింది.



శ్రావణంలో ఒక సోమవారం ఆమే ఫోను చేసింది.

"నాన్న హుబ్బళ్ళి సంబంధం తెచ్చారు. అబ్బాయి బ్యాంకులో పని చేస్తాడు. వాళ్ళని రమ్మనాలో వద్దో గురువారం పన్నెండింటికల్లా నాన్న చెప్పాలి."

గజానన దగ్గు కూడా ఆగిపోయింది.

"గురువారం పదకొండింటికి నేను మీకు చేస్తాను. అప్పుడు బస్సు టైము మళ్ళీ చెప్పాలి మీరు. ఎందుకు చెబుతున్నారో కూడా చెప్పాలి."

"ఇప్పుడే చెబుతాను..."

"వద్దు. ముందు మీ ఆయితో మాట్లాడండి. షాపు నాది, రోజూ వెళ్తాను, వంట ఒక్క పూటే చేస్తాను. ఇవన్నీ చెప్పి అడగండి. మూడు రోజులుంది. నాకు తర్వాత మాట మారితే గిట్టదు."

అతను ఆ రోజే తల్లికి చెప్పాడు. భాగీరథి బియ్యం ఏరుతూ అంతా విన్నది. "ఫోన్లు బాగుచేసే పిల్లా? మంచిదే. వచ్చిందంటే ముందు నిన్ను బాగుచెయ్యమను" అంది. అంతకన్నా పెద్ద అంగీకారం ఆ ఇంట్లో ఉండదు.

ఇంక ఫోను రావడమే తరువాయి. గజాననకి భయం పట్టుకుంది. జేబులో పెట్టుకుంటే సిగ్నల్ ఉండదు, ఆమె ఒకవేళ ముందే చేస్తే? అందుకని సోమవారం సాయంత్రమే ఫోను గూట్లో నిలబెట్టాడు. వంటింట్లోంచి వైరు లాగి ఛార్జింగు పెట్టాడు. ఎనభైకి ఆపాలని తెలుసు. కాని శ్రావణంలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియదు. ఎనభైతో సరిపోకపోతే? నూరు ఉండాలి. మూడు రోజులూ నూరే ఉండాలి. ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ కంఠతా వచ్చిన మనిషి, అన్నిటినీ ఒక్కొక్కటే ఆమె కోసమే తప్పాడు.

మంగళవారం వాన తెరిపిచ్చింది. ఊరంతా మైలుతుత్తం, సున్నం కలుపుకుని తోటల్లోకి పరిగెత్తారు, వక్క గెలలకి కుళ్ళు తగలకుండా మందు కొట్టడానికి. గజానన వెళ్ళలేదు. బుధవారం పొద్దున కూడా వెళ్ళలేదు. జ్వరమేమోనని పెద్దాయన సుబ్రాయ మావ వచ్చి చూస్తే, స్నానాల గదిలో పీట మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఏం లేదు మావా. చలిగా ఉంటేనూ."

కాగు కింద ఆ మూడు రోజులూ నిప్పు మామూలుగా మండుతూనే ఉంది. దాని సంగతి అతనికి తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ వేడి అక్కడే ఉంది. రోజూ ఉన్నది వేడిలా అనిపించదు.

గురువారం పదిన్నరకి తలదువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి చూస్తే, ఫోను వెనక భాగం నూనెలో వేసిన అప్పడంలా పొంగి ఉంది. తెర నల్లగా ఉంది. మీట నొక్కాడు. పైపంచెతో తుడిచాడు. ఊదాడు. తల్లి పరిగెత్తుకొచ్చి పట్టకారుతో పట్టి దాన్ని బయట అరుగు మీద పెట్టింది.

సిమ్ తీసి ఇంకో ఫోనులో వేద్దామని చూశాడు. పొంగిన ఒత్తిడికి ఆ చిన్న అర బయటికి రాలేదు. నాగవేణక్క ఫోనుతో తనే చేద్దామంటే నంబరు గుర్తులేదు. చీటీ ఏనాడో లుంగీతోపాటు ఉతుక్కుపోయింది. నాలుగు ఆవుల చెవి బిళ్ళల నంబర్లు నోటికి వచ్చు. ఆమెది రాదు.

అక్కడ సిర్సీలో శాల్మల సరిగ్గా పదకొండింటికి చేసింది. ఫోను స్విచ్చాఫ్ చేసి ఉందని లోపలి ఆడగొంతు చాలా మర్యాదగా చెప్పింది. పదకొండూ ఐదుకి చేసింది. పన్నెండు లోపల పదిహేడుసార్లు చేసింది.

ఇంకెవరైనా వేసిన బ్యాటరీ అయితే చచ్చిందేమో అనుకునేది. అది తను ఏరి, తను కొలిచి, తన చేత్తో వేసిన బ్యాటరీ. వేసి రెండు నెలలే అయింది. పొద్దున పదకొండింటికి అది దానంతటది చావదు. కాబట్టి మనిషే ఆపుకున్నాడు. తన పనితనం మీద ఆమెకి ఎంత నమ్మకమంటే, అతని మీద నమ్మకానికి చోటు మిగల్లేదు.

పన్నెండింటికి తండ్రితో చెప్పింది. "ఆదివారం రమ్మను నాన్నా."



ఘాట్ రోడ్డు మలుపులో చెట్టు పడి ఆ రోజు బస్సు రాలేదు. గజానన చెట్టు దాకా నడిచి, చెట్టెక్కి దిగి, అవతల పాల వ్యాను పట్టుకుని మూడింటికి సిర్సీ చేరాడు. మోకాళ్ళ దాకా బురద. ప్లాస్టిక్ కవరులో ఫోను.

శాల్మల అతన్ని చూసి, పక్కనున్న గిరాకీ వైపు తిరిగింది. "మీది రేపు రండి" అని ఆ గిరాకీని పంపేసింది.

"బస్సు రాలేదు" అన్నాడు గజానన.

"ఫోను చెయ్యడానికి బస్సెందుకు?"

"ఫోను..."

"ఆపుకున్నారు. తెలుసు. వద్దనుకుంటే వద్దని చెప్పాలి, హెగ్డేరే. నేనేం ఏడ్చేదాన్ని కాదు. నేనేసిన బ్యాటరీ తొమ్మిది వందల సార్లు ఛార్జి ఎక్కించినా చావదు, అది..."

అతను కవరు బల్ల మీద పెట్టాడు. ఆమె మాట మధ్యలో ఆపి, కవరు విప్పి చూసింది. తర్వాత ఇంక తిట్టలేదు. చేతికి తొడుగు వేసుకుని, పొంగిన మూత నెమ్మదిగా ఎత్తి, బ్యాటరీ తీసి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ఇది వేడికి పోయింది. ఒక్కరోజు వేడి కాదు. ఎక్కడ పెట్టారు దీన్ని?"

గజానన మోకాలి మీది బురద గీకాడు.

"పొయ్యి మీద పెట్టారా?"

"పక్కన."

"ఏ పొయ్యి పక్కన?"

"స్నానాల గదిలో. నీళ్ళకాగు పక్కన గూట్లో."

"స్నానాల గదిలో ఫోను పెట్టుకునే మనిషిని నేనింతవరకూ చూడలేదు."

"మా ఊళ్ళో మీ గొంతు ఇంకెక్కడా వినిపించదు" అన్నాడు గజానన. "రెండు నెలల నుంచీ అక్కడి నుంచే మాట్లాడుతున్నాను. నాకు జలుబు లేదు. పొగ."

బయట వాన మళ్ళీ అందుకుంది. మెట్ల మీంచి నీళ్ళు షాపు ముందుకి జారుతున్నాయి. శాల్మల లేచి గోనెసంచీ అడ్డం వేసి వచ్చింది.

"నాన్నకి చెప్పేశాను. ఆదివారం వాళ్ళు వస్తున్నారు."

"ఎవరు?"

"హుబ్బళ్ళి వాళ్ళు. ఇంకెవరు?"

"నేను చెప్పేది నమ్మరా?"

"బతిమాలుకోడానికి చెప్పిన మాటో, నిజమో నాకెలా తెలుస్తుంది?"

"వచ్చి చూడండి" అన్నాడు అతను.



శుక్రవారం శాల్మల తండ్రితో అంది. "ఆదివారం వాళ్ళు వచ్చేలోపల ఒక ఫోను ఎందుకు చచ్చిందో చూసి రావాలి నాన్నా. నువ్వూ రావాలి."

"ఫోను చూడడానికి నేనెందుకు?"

"ఒక్కదాన్నే వెళ్తే ఊరు మాట్లాడుతుంది."

"నేనొస్తే మాట్లాడదా?"

"నువ్వుంటే ఊరికి మాట్లాడే సందు దొరకదు."

అనంత భట్టుకి అది పొగడ్తో కాదో తెలియలేదు. శనివారం పొద్దున బయల్దేరాడు.

పెళ్ళిచూపులకి అబ్బాయి వాళ్ళు అమ్మాయి ఇంటికి వెళ్ళడం మాకు తెలుసు. అమ్మాయి వచ్చి అబ్బాయి ఇంట్లో స్నానాల గది చూడడం బాళేసర అంతకు ముందెన్నడూ చూడలేదు. ఎవరికి వారు గజానన ఇంట్లో పని కల్పించుకుని వచ్చారు. ఒకరికి నిమ్మకాయ కావాలి. ఒకరు అప్పు తీసుకోని గునపం తిరిగిచ్చేసి పోదామని తెచ్చారు.

శాల్మల గడపలో కాళ్ళు కడుక్కుని, భాగీరథికి నమస్కారం పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెనక్కి వెళ్ళింది. తన ఫోను తీసి గదంతా తిప్పింది. తలుపు దగ్గర లేదు. తొట్టి దగ్గర లేదు. గూట్లో పెట్టింది. ఒక్క గీత వచ్చింది. తీసింది, పోయింది. మళ్ళీ పెట్టింది.

గూడంతా మసి. ఆ మసిలో నిలువుగా ఒక ఫోను పట్టేంత చోటు మాత్రం శుభ్రంగా ఉంది. దాని పక్కన గోడకి, పీట మీద కూర్చున్న మనిషి మోచెయ్యి ఆనే ఎత్తులో, ఇంకో చోట మసి చెరిగి నున్నగా మెరుస్తోంది. శాల్మల ఆ రెండో చోటు దగ్గర ఎక్కువసేపు ఆగింది.

అనంత భట్టు వంటవాడి కళ్ళతో పొయ్యి చూశాడు. గూట్లో అరచెయ్యి పెట్టి, టక్కున తీసేశాడు. "ఇక్కడ పాలు పెడితే సాయంత్రానికి కోవా అవుతుంది. ఫోను పెట్టాడా మహానుభావుడు?" అని, భాగీరథి వైపు తిరిగి, "పొయ్యి మాత్రం బాగా కట్టారమ్మా, పొగ ఎటు పోతుందో చూపిస్తారా?" అన్నాడు. పొగ ఎటూ పోవడం లేదు. అయినా ఆమె చూపించడానికి బయటికి తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళకి ఈపాటి ఇంగితం ఉంటుంది.

"మూడు రోజులూ ఇక్కడే కూర్చున్నారా?" అంది శాల్మల.

"మధ్యలో పాలు పితికాను."

"ఎనభైకి ఆపమన్నానుగా?"

"కరెంటు పోతే సరిపోదేమోనని."

"నేనెంతసేపు మాట్లాడతాననుకున్నారు?"

"తెలియదు. ఎంతసేపైనా సరిపోవాలిగా."

శాల్మల కళ్ళు తుడుచుకుంది. "పొగ" అంది.

"అవును, పొగే" అన్నాడు గజానన.

"బస్సు టైము చెప్పండి."

"ఎనిమిదీ పది."

"ఎందుకు చెబుతున్నారు?"

"మన పెళ్ళయ్యాక మీరు అందులో షాపుకి వెళ్ళాలి. సాయంత్రం ఆరున్నర బస్సుకి మలుపు దగ్గర నేనుంటాను. గొడుగుతో." కాస్త ఆగి, "చెట్టు పడిన రోజు చెట్టు అవతల ఉంటాను" అన్నాడు.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచింది. "నాన్నా, ఇటు రా. ఇక్కడ ఒక్క గీతే ఉంది. అది పోకముందే హుబ్బళ్ళి వాళ్ళకి రావద్దని చెప్పు."

అనంత భట్టు వచ్చాడు. కూతురి ముఖం చూశాడు, ఆ బక్కపలచని మనిషి ముఖం చూశాడు. పీట లాక్కుని కూర్చుని, మసి గోడకి మోచెయ్యి ఆనించి, దగ్గుతూ దగ్గుతూ హుబ్బళ్ళికి మాట్లాడాడు. జలుబు చేసిందా అని అవతలి వాళ్ళు అడిగినట్టున్నారు. "కాదండీ, మా అమ్మాయికి ఇక్కడ సంబంధం కుదిరింది" అన్నాడు. వెళ్ళేటప్పుడు పొయ్యిలోకి ఒక కొబ్బరిమట్ట తోశాడు. ఎవరూ చెప్పకుండానే.



తర్వాత అందరూ వసారాలో కూర్చున్నారు. భాగీరథి కషాయం, పనస అప్పడాలు తెచ్చింది. శాల్మల గడప దగ్గర పీట మీద కూర్చుంది. సుబ్రాయ మావ ఊరికి పెద్ద. సంబంధం ఎవరింట్లో కుదిరినా మొదటి మాట ఆయనది.

"మంచిదమ్మా. మా వాడు బుద్ధిమంతుడు. అయితే, ఆ షాపు ఎప్పుడు మూసేస్తావు?"

శాల్మల లోటా నోటి దగ్గర పెట్టుకుని కషాయం ఊదుకుంటోంది. గజానన ఏదో అనబోతే చూపుతోనే ఆపింది.

"ఇప్పుడే అని కాదులే. పెళ్ళయ్యాక నెమ్మదిగానే" అన్నాడు ఆయన. భాగీరథి కూడా, "తొందరేముంది, పిల్లలు పుట్టేదాకా ఉండనీ" అంది. ఆమె మంచి మాటే అంటున్నాననుకుంది.

వసారా చివర పెళ్ళికాని మగపిల్లలు ఐదారుగురు గోడకానుకుని నిలబడ్డారు. సుబ్రాయ మావ వాళ్ళని చూసి నిట్టూర్చాడు. ఆయన కొడుకు కూడా అందులోనే ఉన్నాడు.

"ఇదిగో, వీళ్ళందరికీ తోటలున్నాయి. చెడ్డ అలవాట్లు లేవు. ఇల్లిల్లూ తిరిగాను నేను. ఒక్క పిల్లా రాదు. సిగ్నల్ లేదనా? బస్సు ఒక్కటే అనా? చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పమ్మా. మా ఊరికి ఆడపిల్లలు ఎందుకు రారు?"

శాల్మల లోటా కింద పెట్టింది.

"నేను రాలేదా మావా? కాళ్ళ తడి ఇంకా ఆరలేదు, అప్పుడే షాపు ఎప్పుడు మూసేస్తావని అడిగారు. అందుకే రారు."